పద్మ వాటా

చోడవరం, మంగళవారం

పోయిన నా భార్య పద్మ పుట్టింటి వాటా, రోలుగుంట మెట్ట భూమి, పాప పేరు మీదికి వచ్చింది. తల్లి ఆస్తి బిడ్డకు దక్కిందని సంతకం పెట్టాను. ఈరోజు సచివాలయంలో గుమస్తా చెప్పాడు.

"మాస్టారూ, మీ భూమికి ఇది కలిసి పరిమితి దాటేసింది. రేషన్ కార్డు ఆగిపోయింది. నానేటి సేస్తాను, సెప్పండి?"

కార్డు లేకపోతే నాలాంటి ప్రైవేటు బడి మాస్టారి పాపకు గుండె ఆపరేషన్ ఉచితంగా చేయరు. అమ్ముదామంటే మైనరు ఆస్తికి కోర్టు అనుమతి కావాలి. అది నెలల పని. ఆపరేషన్ వచ్చే వారమే.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అక్క వాటా ఇస్తానన్న మాట నిలబెట్టుకున్నాను. అక్కుంటే సంతోషించేది, కాదేటి?"

"అవునురా, సంతోషించేది," అన్నాను.

పాప ఆస్పత్రికి బట్టలు సర్దుకుంది. ఇంకా తనకు చెప్పలేదు.