బాతు చెక్క, పిల్లి చెక్క

మార్చి 3

హెరిటేజ్ ఆఫీసరమ్మ వచ్చింది. మేడమీద చెక్కనేల మొత్తం లేపి, కింద దూలాలు బాగుచేసి, మళ్లీ పరుస్తారట. ఒక్క చెక్క కూడా మార్చకూడదట. ఎక్కడిది అక్కడికే వెళ్లాలట. ఈ ఇంట్లో మేకు కొట్టాలన్నా ఆవిడ సంతకం కావాలి. మనుషులం మాత్రం పర్మిషన్ లేకుండానే పాడైపోవచ్చు. నా ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి శుక్లం, వచ్చే నెల ఆపరేషన్. అక్కకి ఏళ్లుగా రెండూ లేవు.

అక్క ఒక్కటే అడిగింది, చప్పుళ్లు అలాగే ఉంటాయా అని. చెక్క అదే, చోటు అదే అయితే చప్పుడు ఎక్కడికి పోతుందండీ అంది ఆఫీసరమ్మ.

మార్చి 6

ఆ చప్పుళ్ల సంగతి రాయాలి. వంటింటి గుమ్మం ముందున్న చెక్క తొక్కితే పిల్లిలా అరుస్తుంది. మెట్ల అంచున ఉన్నది బాతు. అక్క చేతికర్ర లేకుండా ఇల్లంతా తిరిగేది ఈ రెండింటిని నమ్ముకునే. పిల్లి అరిస్తే ధైర్యంగా ముందుకెళ్లి స్టవ్ వెలిగిస్తుంది. బాతు అరిస్తే ఆగి, రెయిలింగ్ పట్టుకుంటుంది.

నాకు షుగర్. పిల్లి అరిచిందంటే చాలు, ఒరేయ్ దొంగా, బిస్కెట్ డబ్బా మూత పెట్టు అని హాల్లోంచి అక్క కేక. ఈ వయసులో పిల్లి మీంచి గెంతబోయి మొన్న నడుం పట్టేసుకుంది.

మా పాత మేనేజర్ గుర్తొస్తున్నాడు. ఆయన బూట్లు కిర్రుమంటే తప్ప ఆఫీసులో ఎవడూ ఫైలు తెరిచేవాడు కాదు. ఒకరోజు మెత్తటి చెప్పులేసుకొచ్చాడు. సాయంత్రానికి సగంమంది ఉద్యోగాలు పోయి కుర్చీలు ఖాళీ. చప్పుడుని నమ్ముకుంటే అంతే. ఎక్కడున్నాను? ఆ, బిస్కెట్లు.

మార్చి 11

పని అయ్యేదాకా కింది గదిలో కాపురం. అక్క అప్పుడే వడ్రంగితో, మా తమ్ముడి గురకకి కూడా ఓ నంబరు వేసి బయట ఆనించవయ్యా అంది.

అతను ప్రతి చెక్క వెనకా సుద్దతో నంబరు వేసి గోడకి చేరేశాడు. రెయిలింగ్ పాలిష్‌కి పోయింది. బాతూ పిల్లీ ఒకే కొలత. అతను టీకి వెళ్లాడు. నా చేతిలో తడిగుడ్డ, సుద్దముక్క.

మార్చి 19

మళ్లీ మేడమీదికి. మెట్ల అంచు దగ్గర అక్క చెయ్యి పట్టుకుని ఆ చెక్క దాటించాను. ఇంత ప్రేమ ఎప్పట్నుంచిరా అంది.

మధ్యాహ్నం వంటింటి గుమ్మం తొక్కాను. దర్జాగా బాతు అరిచింది. ఏరా, కిందికా అని అడిగింది అక్క. పేపర్ కోసం అన్నాను. రెయిలింగ్ ఇంకా రాలేదు, జాగ్రత్తరా అంది. రెండు బిస్కెట్లు తిన్నాను, చాలా జాగ్రత్తగా.

మార్చి 22

అక్క టీ పెట్టుకుందామని బయల్దేరింది. గుమ్మం దగ్గర బాతు అరిచింది. అక్క బొమ్మలా ఆగిపోయింది. రెయిలింగ్ కోసం గాల్లో వెతికింది. తర్వాత మెల్లగా మోకాళ్ల మీదికి దిగి వెనక్కి పాకింది, సోఫా కాలు తగిలేదాకా. సోఫాలో నేనే. ఊపిరి బిగబట్టాను గానీ నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చింది. దగ్గులా మార్చాను. ఎప్పుడొచ్చావురా అంది. ఇప్పుడే అన్నాను.

మార్చి 23

చెప్పేద్దామనుకున్నాను. డబ్బాలో ఇంకా సగం ఉన్నాయి.

మార్చి 28

అక్క కుర్చీ దిగడం లేదు. దిగకపోతే మెట్ల భయమూ లేదు కదా. మంచినీళ్లకి కూడా నన్నే పిలుస్తోంది. బుర్ర పాడైందిరా, సొంత ఇల్లే మర్చిపోతున్నాను, ఎవరికీ చెప్పకు అంది.

అక్క నన్ను బతిమాలడం ఇదే మొదలు. చిన్నప్పుడు ఎక్కాలు రాలేదని చుట్టాల ముందు నిలబెట్టి నవ్వించేది. బడి మానేశాక నా అంతట నేనే చదువుకుని బీరువాడు పుస్తకాలు పోగేస్తే, చెదపురుగులకి భోజనం అనేది. చెప్పనులే అక్కా అని భుజం తట్టాను. ఇవాళ్టి బిస్కెట్ మరీ తియ్యగా ఉంది.

ఏప్రిల్ 4

తనిఖీ. ఆఫీసరమ్మ వంటింటి ముందు టార్చి వేసి, ఈ చెక్క గీతలు పక్కదానితో కలవడం లేదు, ఇది మెట్ల దగ్గరిది, అక్కడిది ఇక్కడిది అంది. వడ్రంగిని చెడామడా తిట్టింది. నంబరు ప్రకారమే పరిచానమ్మా, ఎవరో చెయ్యి పెట్టారు అని అతను మొత్తుకున్నాడు. ఈ వారంలో మార్చేస్తాను, రెయిలింగ్ మాత్రం ఇంకా పాలిష్‌లోనే ఉందన్నాడు.

అక్క అంతా విన్నది. నేను కదల్లేదు, దగ్గలేదు. అయినా మొహం సరిగ్గా నా వైపే తిప్పింది. వాళ్లు వెళ్లాక లేచి, బాతుని తొక్కుకుంటూ వెళ్లి టీ పెట్టింది. ఒకటే కప్పు.

ఏప్రిల్ 6

రేపు ఆపరేషన్. బ్యాగ్ అక్కే సర్దింది. ఈ డైరీ, పెన్సిలు చొక్కా జేబులో పెట్టింది. వెళ్లిరా, ఇల్లు నేను చూసుకుంటాను అంది.

ఏప్రిల్ 9

అక్షరాలు వంకరగా వస్తే రానీ. కంటికి కట్టు. వంగొద్దు, తల దించొద్దు అన్నాడు డాక్టరు. టాక్సీవాడు పైదాకా తీసుకొచ్చి సోఫాలో దించాడు. వాడి వాగుడులో ఏ చెక్క ఏమందో వినపడలేదు.

వడ్రంగి వచ్చి చెక్కలు మార్చాడా అని అడిగాను. వచ్చాడో రాలేదో నాకేం కనిపిస్తుందిరా అంది అక్క. సోఫా మాత్రం జరిపించిందట. గాలి బాగా వస్తుందని.

ఏప్రిల్ 10

దాహమేసి లేచాను. నిలబడే రాస్తున్నాను. కాలి కింద బాతు అరిచింది. చెయ్యి చాపాను. గాలి.

అక్కా, నేనెక్కడున్నాను అని అడిగాను.

బిస్కెట్ డబ్బా మూత తీసిన చప్పుడు. రారా తమ్ముడూ, ముందుకి రా అంటోంది.