మూడో క్యాసెట్‌లోని గొంతు

మంచిర్యాల,
నవంబరు, 1993.

అవ్వకు, నీ పాదాలకు మొక్కి ప్రమోదిని రాస్తున్నది. ఇక్కడ పిల్లలు, మేము బాగానే ఉన్నాం. నీ బీపీ తగ్గిందనీ, బాపు మోకాళ్ల నొప్పి కాస్త నయమనీ అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. మీ అల్లుడి చేతికే ఇచ్చాను. నోటితో చెబితే నువ్వు తట్టుకోలేవని రాస్తున్నాను. ముందు కూర్చో, తర్వాత చదువు.

శుక్రవారం, అన్నకు ఏటా చేసే కర్మకు ఎప్పుడొస్తావని అడిగావు. మా వీడియో షాపులో పెట్టిన ఆ బల్ల ఏమిటనీ అడిగావు. బల్ల సంగతే ముందు చెప్పాలి.

దాన్ని పూల్ అంటారు. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్ల మీద రంగు గుండ్లను పొడవాటి కర్రతో కొట్టి సంచుల్లో పడేయాలి. ఇక్కడ ఎవరికీ ఆ ఆట రాదు, బట్ట చింపి పోతున్నారు. అందుకని ఆట నేర్పే క్యాసెట్లు తెమ్మని, దుబాయి నుంచి సెలవు మీద వస్తున్న మా వీధి హనుమండ్లుకు మీ అల్లుడు చెప్పారు. అతను మూడు తెచ్చాడు.

షాపులో ఏది వేయాలో తేల్చడానికి ఆదివారం ఇంట్లో పెట్టుకొని చూశాం. మొదటిదాంట్లో ఒక తెల్లాయన ఇంగ్లీషులో గడగడా మాట్లాడాడు. కర్ర పట్టుకున్న చేయి సరిగా చూపించనే లేదు. రెండోదంతా గుండ్లను గాల్లోకి ఎగరేసే గారడీ. “గిది చూస్తె ఉన్న బట్ట గూడ చింపుతరు” అని మీ అల్లుడు తీసేశారు. మూడోది హనుమండ్లే అక్కడ ఒక క్లబ్బులో తీశాడట. బొమ్మ వణుకుతోంది, నేర్పే మనిషి మొహం కనబడదు. కానీ చేయి బల్లకు ఎలా ఆనించాలో, వేళ్ల మధ్య కర్ర ఎలా జారాలో హిందీలో నిదానంగా చెబుతున్నాడు. ఇదే బాగుందనుకొని చాయ పెట్టడానికి లేచాను.

అప్పుడు టీవీలోంచి ఆ నేర్పే మనిషే తెలుగులో అనడం వినిపించింది. “గట్ల పొడుస్తరార? జర మెల్లగ నూకు.”

అవ్వా, చాయ వదిలేసి టీవీ దగ్గరికి పరుగెత్తాను. అది రామకిషనన్న గొంతు!

“అన్న మీది ఫికర్‌ల నీకు గట్ల వినవడ్డది” అన్నారు మీ అల్లుడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. ఈసారి ఆయన కూడా గుర్తుపట్టారు. దుబాయి లేబర్ క్యాంపు మంటల్లో అన్న పోయాడని ఎవరో వచ్చి చెబితే ఇన్నేళ్లూ నమ్మాం కదా.

హనుమండ్లును పిలిపించాం. “అందరు ఆయనను మాస్టర్ అంటరక్కా. ఊరడిగితె చెప్పడు, మొహం వీడియోల పడనియ్యడు” అన్నాడు. క్లబ్బు నంబరు అతనే ఇచ్చాడు.

నిన్న ఫోన్ కలిసింది. “అన్నా, నేను ప్రమోదినిని” అంటే అవతల ఒకటే ఏడుపు. “దుబాయి పోతె నాకు సచ్చినట్టే అన్నడు గద చెల్లే బాపు. మీరు గట్లనే అనుకుంటున్నరని తెలిసి, గట్లనే ఉండనియ్యి అనుకున్న.”

“బాపు శుక్రవారం నీకు కర్మ చేస్తుండన్నా. నీ ఫొటో ముందట కూసోని రోజు ఏడుస్తుండు” అన్నాను.

“బాపు ఏడుస్తుండా?” అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అడిగాడు.

ఒక్కటి నీకు చెప్పొద్దన్నాడు. సరే అన్నాను గానీ, చెబుతున్నాను. మంటల్లో అన్న మొహం సగం కాలిపోయిందట. అందుకు కూడా ఇన్నాళ్లూ దాక్కున్నాడు. నువ్వు చూసి ఉలిక్కిపడితే అన్న తట్టుకోలేడవ్వా. ఏడ్చేదంతా ఇప్పుడే ఏడ్చెయ్.

కర్మ ఆపండి. బాపును తీసుకొని మీ అల్లుడితో ఇవాళే బయలుదేరు. రేపు పొద్దున అన్న మా షాపుకు ఫోన్ చేస్తాడు, అందుకే నేను కదలలేదు. ఆ ఫోన్ బాపే ఎత్తాలి. “రా” అని ఒక్క మాట అంటే వస్తానన్నాడు.

ఇట్లు,
నీ బిడ్డ,
ప్రమోదిని