ఇక్కడ నొక్కండి

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కారాలతో రాసేది. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. అమ్మ మోకాలు మాత్రం కులాసాగా లేదు, దాని సంగతి కింద రాస్తాను. అక్కడ నువ్వు, వదిన, చిట్టి బాగున్నారని తలుస్తాను.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరాన్ని వదిన చేత చదివించుకోవద్దు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నీ కంప్యూటరు చేతే చదివించుకో. అందుకే చేత్తో రాయకుండా టైపు చేసి పంపుతున్నాను. నేను ఎక్కడ నవ్వుతూ రాశానో ఎక్కడ ఏడుపు మొహంతో రాశానో ఆ యంత్రానికి తెలియదు. రైళ్ల రాకపోకలు చెప్పినట్టు అన్నీ ఒకే గొంతుతో చదివేస్తుంది. ఆ తేడా నువ్వే పట్టుకోవాలి.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి జవాబు సులువే. నాలుగోది, "మీ కొత్త సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులో పెట్టాక నా సీటు నిలుస్తుందా, ఇప్పటినుంచే ఇంకో చోటు వెతుక్కోనా? దాచకుండా చెప్పు" అన్నది. దాచను. కానీ దాని వెనక నేను చేసిన పని ఒకటి ఉంది. అది చెప్పడానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి కాబట్టి ఆఖర్న చెబుతాను.

అమ్మ మోకాలికి డాక్టరు మందు రాసి, రోజూ నడవమన్నాడు. అమ్మ నడుస్తోంది, పక్కింటి దాకా. అక్కడ కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్పి, తిరిగొచ్చి, "ఇవాళ్టికి నడక అయిపోయింది" అంటుంది. తన నొప్పిని పక్కింటావిడకి కూడా ఈవిడే అంటించిందేమో అని నా అనుమానం, ఇద్దరూ ఇప్పుడు ఒకేలా కుంటుతున్నారు. అయినా మెట్లు ఎక్కగలుగుతోంది, నువ్వు బెంగపడకు.

మా రంగులాయన పెళ్లి కుదిరిందా అని అడిగావు. కుదరలేదు. నాతో కలిసి కంప్యూటరు తెరలు తయారుచేసే ప్రోగ్రామరు ఉన్నాడు చూడు, ఒక్క నీలం రంగు ఎంచుకోవడానికి వారం తీసుకునేవాడు, ఆయనే. పిల్లకి నచ్చాడట. పిల్ల తండ్రికి మాత్రం ఈయన చొక్కాలు నచ్చలేదట. "రంగుల గురించి నాకు చెప్పడమేంటండీ" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మా టీముకి వచ్చిన కొత్త హెడ్‌తో నాకు పొసగుతోందా అన్నావు. పొసగుతోంది అనే చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. తారీఖులంటే భయం, అంతే. ఫలానా తేదీకి ఇస్తామని చెప్పాక ఆకాశం విరిగిపడ్డా ఆ తేదీకి ఇచ్చేయాలంటాడు. ఇచ్చింది పనిచేస్తుందా లేదా అన్నది తర్వాత సంగతి.

ఇక నాలుగో ప్రశ్న. నీకు తెలిసిన కథే అయినా మొదట్నుంచీ చెప్పనీ. నాకే ఒకసారి వరుసగా చెప్పుకోవాలని ఉంది.

కంటిలో ఒత్తిడి పెరిగి నీకు చూపు పోయినప్పుడు మేమంతా నీ లారీ ఆఫీసు ఉద్యోగం కూడా పోయిందనే అనుకున్నాం. నువ్వు ఒక్కడివే అనుకోలేదు. తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రాము పెట్టించుకుని, మౌసు పక్కన పడేసి, కీబోర్డు మీదే రవాణా బిల్లులు రాయడం మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకున్నావు. మీ పాత సాఫ్ట్‌వేర్ చూడ్డానికి బూడిద ముద్దలా ఉంటుంది కానీ ప్రతి గడి పేరూ బయటికి చెబుతుంది. దాంతో పక్క సీటు వాళ్లతో సమానంగా పని లాక్కొచ్చావు.

అప్పుడు నేను ఫోన్లో ఏమన్నానో గుర్తుందా? "మేం చేస్తున్నది దీనికన్నా వెయ్యి రెట్లు నయం అన్నయ్యా, చూపు లేనివాళ్లకి కూడా పనికొస్తుందని పరీక్షలో మంచి మార్కులొచ్చాయి" అన్నాను. నువ్వు పొంగిపోయి మీ మేనేజరుగారితో "మా చెల్లెలు చేస్తున్నదేనండీ" అని చెప్పావు. ఆయన మా కంపెనీకి కబురు పెట్టాడు. అలా నిన్ను నేనే ఇందులోకి దింపాను.

ఆ మార్కుల భాగోతం ఏంటో ఇప్పుడు చెబుతాను. మా తెర మీద బటన్లన్నీ బొమ్మలే. భద్రపరచడానికి ఒక బొమ్మ, చెరిపేయడానికి ఒక బొమ్మ, అచ్చు తీయడానికి ఇంకోటి. కళ్లున్నవాళ్లు బొమ్మ చూసి నొక్కుతారు. చూపు లేనివాళ్ల కోసం ప్రతి బొమ్మ వెనకా ఒక పేరు రాసిపెట్టాలి, నీ యంత్రం ఆ పేరునే చదువుతుంది. పేర్లున్నాయా లేవా అని చూసి మార్కులు వేసే ప్రోగ్రాము ఒకటి ఉంది. దానికి పేరు ఉందా అన్నదే తెలుసు, ఏం పేరు అన్నది దానికి అక్కర్లేదు. తేదీ ముంచుకొస్తుంటే రంగులాయన, పేరు లేని బటన్లన్నిటికీ ఒక్క దెబ్బతో ఒకే పేరు తగిలించేశాడు. "ఇక్కడ నొక్కండి" అని. మార్కులు వచ్చేశాయి. నేను తెర చూసి, బొమ్మలు చూసి, సరే అన్నాను.

ఆ తర్వాతే నిన్ను అడిగాను, మా కొత్తదాంట్లో ఒక పూట బిల్లులు రాసి చూడు, రాస్తూ మనసులో అనుకున్నదంతా పైకి అను, అది రికార్డు చేసి పంపు అని. మా పనిలో ఇది మామూలే. ఎవరైనా ఎక్కడ తడబడ్డారో వాళ్ల నోటివెంటే తెలుస్తుంది. నువ్వు ఒకటే షరతు పెట్టావు, "నువ్వు తప్ప ఎవరూ వినకూడదు" అని. నేను మాటిచ్చాను.

రికార్డింగు వచ్చింది, దాంతోపాటు ఒక ఉత్తరమూ వచ్చింది, ఈ నాలుగు ప్రశ్నల ఉత్తరానికి ముందుది. ఉత్తరంలో "బాగానే ఉంది, కాస్త అలవాటు పడాలి" అని రాశావు. రికార్డింగులో మాత్రం యంత్రం "ఇక్కడ నొక్కండి, బటన్. ఇక్కడ నొక్కండి, బటన్" అని వాగుతూనే ఉంది. మొదట్లో నువ్వు జోకులేశావు. "నొక్కుతానమ్మా, ఏం జరుగుతుందో చెబితే కదా" అన్నావు. రాసిన బిల్లు చెరిగిపోయింది. మళ్లీ రాశావు. ఎలాగో సరైన బటన్ పట్టుకుని భద్రపరిచావు. భద్రపరచగానే యంత్రం పేజీ పైకి వెళ్లిపోయి మా కంపెనీ పేరు దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టింది. రెండో బిల్లు దగ్గరికి రావడానికి నువ్వు మళ్లీ అన్నీ దాటుకుంటూ రావాలి. ప్రతి బిల్లుకీ అదే తంతు. జోకులు ఆగిపోయాయి. తర్వాత చాలాసేపు కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత నువ్వు, గదిలో ఎవరూ లేకపోయినా, "సారీ అండీ, నాకే చేతకావడం లేదు. తప్పు నాదేలే" అన్నావు.

అది విని నేను ఆఫీసు మెట్ల మీదికి వెళ్లి కూర్చుని ఏడ్చాను. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

హెడ్‌కి నీ పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. బటన్ల పేర్లు రంగులాయన తల దించుకుని ఒక్కరోజులో సరిచేశాడు. పేజీ మొదటికి వెళ్లిపోయే జబ్బు మాత్రం అలా పోయేది కాదు, ఆ బిల్లు పేజీ మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. నెల పైన పడుతుంది. "తర్వాతి విడతలో చూద్దాం" అన్నాడు హెడ్. సర్కారు వాయిదాల్లాంటి ఆ తర్వాతి విడత ఎప్పుడొస్తుందో నీకూ తెలుసు నాకూ తెలుసు.

నేను ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం అందరి చేతా తెరలు ఆపించాను. చీకటి తెర ముందు కూర్చుని, చెవులతో విని, ఒక్క బిల్లు రాయమన్నాను. రంగులాయన లోపలికి లాగిన్ కూడా కాలేకపోయాడు. హెడ్ రెండు బిల్లులు చెరిపేసుకున్నాడు. ఇంకేం, దారికొస్తారనుకున్నాను. హెడ్ కుర్చీలో వెనక్కి వాలి, "మనకి అలవాటు లేదమ్మా, అందుకే. అలవాటున్నవాళ్లు చేసుకుంటారు" అన్నాడు. ఆ మాట మీద అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. తెరలు వెలిగాయి. నా ప్రయత్నం బూడిదలో పోసిన పన్నీరైంది.

ఇప్పుడు నేను చేసిన పని.

నిన్న శుక్రవారం మీ మేనేజరుగారు ఒప్పందం మీద సంతకానికి మా ఆఫీసుకి వచ్చారు. సంతకం అయితే వచ్చే నెల నుంచి మీ పాత సాఫ్ట్‌వేర్ తీసేస్తారు. తీసేస్తే నువ్వు రోజుకి నాలుగు బిల్లులు కూడా రాయలేవు. ఆ తర్వాత నిన్ను ఎవరూ పొమ్మనరు, ఫోన్లు ఎత్తే సీటుకి మారుస్తారు, నువ్వే ఒకరోజు మానేస్తావు. ఇదంతా నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. హెడ్ మార్కుల కాగితం చూపించి, "చూపు లేనివాళ్లు కూడా హాయిగా వాడుకోవచ్చండీ" అన్నాడు. మీ మేనేజరుగారు పెన్ను తీశారు.

నేను లేచి, "సంతకానికి ముందు ఒకటి వినండి సార్" అన్నాను. నీ రికార్డింగు పెట్టేశాను.

నిన్ను అడగలేదు. టైమ్ లేక కాదు, అడిగితే వద్దంటావని. మాటిచ్చి, ఆ మాట తెలిసి తెలిసీ తప్పాను. మీ మేనేజరుగారు గది లోపల ఉన్నారని తెలిసే పెట్టాను.

"తప్పు నాదేలే" దగ్గర ఆపేశాను. మీ మేనేజరుగారు పెన్ను మూతపెట్టి, "ఇది మా బిల్లింగు మనిషి గొంతు కదూ?" అన్నారు.

"అవునండీ. మా అన్నయ్య" అన్నాను.

"నేను అడిగితే బాగానే ఉందన్నాడే. కొత్తది తెచ్చేయండి సార్ అన్నాడు కూడా."

నువ్వు ఆయనకి చెప్పిన మాటా, ఆ గొంతూ రెండూ ఆయన ముందు నిలబడ్డాయి. నువ్వు ఇన్నాళ్లూ కాపాడుకున్న పరువు నేను ఒక నిమిషంలో బల్ల మీద పరిచేశాను. కోపం వస్తే నా మీద పడు, ఆయన మీద కాదు.

ఆయన మా హెడ్ వైపు తిరిగి, "మీ మార్కులు మీ దగ్గరే ఉంచుకోండి. మా మనిషి కూర్చుని, పనిచేస్తోంది అని తన నోటితో చెప్పాకే సంతకం. అందాకా పాతదే నడుస్తుంది" అన్నారు. హెడ్ మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. బయటికొచ్చాక నాతో, "ఇంట్లో మనిషని ముందే చెప్పాల్సింది" అని మాత్రం అన్నాడు. అది నిజమే. వచ్చే వారం నాకు అక్షింతలు తప్పవు, పడితే పడనీ.

కాబట్టి నాలుగో ప్రశ్నకి జవాబు ఇది. నీ సీటు ప్రస్తుతానికి ఉంది. సోమవారం పొద్దున మీ మేనేజరుగారు నిన్ను పిలిచి, మా టీముతో కూర్చుని ఆ బిల్లు పేజీ సరయ్యేదాకా పరీక్షిస్తావా అని అడుగుతారు. ఆయన చెప్పేలోగా నీకు తెలియాలనే శనివారం కూర్చుని ఇదంతా టైపు చేస్తున్నాను. ఒప్పుకుంటే అందరి ముందూ తడబడాల్సి వస్తుంది, రోజుల తరబడి. ఒప్పుకోనంటే అది నీ ఇష్టం, నేను ఇంకొకర్ని వెతుక్కుంటాను. ఈసారి నీ తరఫున నేనేమీ నిర్ణయించను.

ఇంకొకటి కూడా చెప్పాలి. వదినని దూరంగా ఉంచమన్నది దీని కోసమే. నువ్వు రికార్డింగు ఆపేశాననుకున్నావు, అది ఆగలేదు. నువ్వు వదినని పిలిచి, "ఈ ఉద్యోగం కూడా పోతే చిట్టికి ఏం చెప్పనే?" అన్నావు. వదిన కుర్చీ లాక్కుని నీ పక్కన కూర్చున్న చప్పుడు వినిపించింది. అది నిన్న ఎవరికీ వినిపించలేదు. నేను ఒక్కదాన్నే విన్నాను. ఆ ముక్క చెరిపేశాను, కానీ విన్నానని నీకు తెలియకుండా ఉండటం నాకు నచ్చలేదు.

అన్నయ్యా, నువ్వు ఒప్పుకుని వస్తే నాకు నీ నుంచి కావాల్సింది ఒక్కటే. అక్కడ మా తెర ముందు కూర్చుని ఎక్కడ ఆగిపోయినా, సారీ అనకు. అది మా తప్పు. "ఇది పనిచేయడం లేదు" అని గట్టిగా అను, పక్క గదిలో ఉన్న మా హెడ్‌కి వినిపించేటంత గట్టిగా. నువ్వు ఆ మాట అన్న ప్రతిసారీ మేం లేచి ఆ పేజీ విప్పుతాం.

ఇట్లు,
మాట తప్పిన నీ చెల్లెలు