మస్తానయ్య చువ్వ

అన్నా,

నువ్వు పోయాక మన సరుగుడు తోట మొదటిసారి కొట్టించాను. కట్టెలను నీలాగే గుండ్రంగా కుప్ప పేర్చాను గానీ, నడుమ నింపకుండా బోలుగా వదిలేశాను.

పెళ్లివంటల మస్తానయ్య కావలి నుంచి వచ్చాడు. కుప్ప చుట్టూ తాడు పట్టి, ఎత్తు చూసి, రెండు ట్రాక్టర్లు అవుతుందని అంతకీ డబ్బు ఇచ్చేశాడు. ఎవరి కుప్పలోనైనా ఇనుప చువ్వ గుచ్చి లోపల బోలు ఉందేమో చూసే మనిషి, మన దగ్గర చువ్వ బయటికే తీయలేదు.

"మీ అన్న ఇంట్లో గుచ్చి చూసేదేంది తమ్ముడా!" అన్నాడు. నేను తల ఊపాను.

రెండో ట్రాక్టరు సగం కూడా నిండలేదు. మస్తానయ్య గొడవ పడలేదు, నా మొహం చూడకుండా బండెక్కాడు. మర్నాడు తగ్గిన కట్టెలు తీసుకెళ్లి అతని వాకిట్లో దించాను. వద్దనలేదు, కూర్చోమనీ అనలేదు.

ఈరోజు నీ సంవత్సరీకం. పొద్దున్నే రెండో కుప్ప కోసం వచ్చాడు. దీన్ని నడుమ కూడా ఒత్తుగా నింపాను, నువ్వు నేర్పినట్టే. ముందు నీ ఫొటోకు దండం పెట్టుకున్నాడు. తర్వాత బయటికొచ్చి, "ఏమనుకోబాక తమ్ముడా" అంటూ చువ్వ తీశాడు.

అది కట్టెకు తగిలి ఆగింది. అయినా అవతలి పక్కకు వెళ్లి మళ్లీ గుచ్చాడు.