వాకిట్లో దీపం

మెంఫిస్,
12 మే 1975

చిరంజీవి ఎర్నస్టీన్‌కు అమ్మ దీవించి రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అన్నీ క్షేమంగానే ఉన్నాయి. డెట్రాయిట్‌లో నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు పంపిన తెల్ల టోపీ అందింది. నిన్న మదర్స్ డే ఆరాధనకు అదే పెట్టుకెళ్ళాను. సిస్టర్ హాటీ చూసి కుళ్ళుకుంది. నాకు కడుపు నిండింది.

ఇక నువ్వడిగినవి. లేదు, నీ తమ్ముడు తాగడం లేదు. లావెల్ ఇంటికొచ్చి తొమ్మిది వారాలైంది, సీసా ముట్టలేదు. లాండ్రీ వ్యాను నడుపుతున్నాడు. నా కార్న్‌బ్రెడ్డూ ఆకుకూరా తిని కాస్త మనిషిలా కనబడుతున్నాడు. శాటిన్ సూట్లేసుకుని పెద్ద పెద్ద థియేటర్లలో పాడినవాడు ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు మోస్తున్నాడని నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనీ. స్టేజీ మీద తాగి పడిపోయినప్పుడూ నవ్వారు. దానికంటే ఇది నయం.

పాడుతున్నాడా అని అడిగావు. నిన్న పాడాడు.

నేను వంటింట్లో పాడుకునే పాట నీకు తెలుసుగా, "ప్రభూ, వాకిట్లో దీపం ఆర్పకు" అని. అందులోంచి ప్రభువును తీసేసి పిల్లను పెట్టి వాడు రికార్డు చేశాడు. దేశమంతా ప్రతి కారులోనూ అదే మోగింది. చర్చిలో నేను తలెత్తుకోలేకపోయాను. నిన్న పాస్టరు పిలిస్తే వాడు లేచి, ఆ పాటే అసలు మాటలతో పాడతానన్నాడు. అమ్మ బతికున్న గుర్తుగా వాడి కోటుకు ఎర్ర పువ్వు నేనే గుచ్చాను. గొంతు మునుపటిది కాదు, గరగరలాడుతోంది. పల్లవి మొదటిసారి ఎలాగో గట్టెక్కాడు. రెండోసారి, పన్నెండేళ్ళ అలవాటు కదా, "పిల్లా, వాకిట్లో..." అని నోరు జారాడు.

పియానో ఆగింది. విసనకర్రలు ఆగాయి. చర్చిలో పెద్దవయసు ఆడవాళ్ళం తెల్లబట్టల్లో ముందు బెంచీ మీదే ఉన్నాం. వాడు నా వంక చూశాడు. ఏడేళ్ళప్పుడు కప్పు పగలగొట్టి చూసిన చూపే. ఇప్పుడు కూర్చుంటే మళ్ళీ ఎప్పటికీ పాడడని నాకు భయం వేసింది. గొంతు పెగలని వాళ్ళకు మన చర్చిలో అందరూ చెప్పే మాట ఆ క్షణాన ఎవరి నోటా రాలేదు. నేనే అన్నాను.

"తొందరేం లేదు నాన్నా. నిదానంగా పాడు."

అప్పుడు అన్ని బెంచీల నుంచీ అదే మాట వచ్చింది. వాడు కళ్ళు తుడుచుకుని మళ్ళీ ప్రభువు దగ్గర మొదలుపెట్టాడు. అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది హాటీయే.

ఎర్నస్టీన్, నీకొకటి చెప్పాలి. నాలుగేళ్ళుగా అమ్మకు ఒక్క ఫోనైనా చేయలేదని నువ్వు వాడితో మాట మానేశావు. వాడు చేశాడు తల్లీ. చికాగో ఆసుపత్రి నుంచి చేశాడు. చేతిలో డబ్బుల్లేక, ఫోను డబ్బులు మనం కట్టేలా మన ఖర్చు మీద అడిగాడు. ఆపరేటరు వాడి పేరు చెప్పి ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు నా ముందుగదిలో చర్చి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ పేరు గలవాళ్ళు మాకెవరూ లేరని చెప్పాను. వెనక నుంచి వాడు "అమ్మా" అనడం వినిపిస్తూనే ఉంది. అయినా పెట్టేశాను. ఇన్నాళ్ళూ నీ కోపం వాడు మోశాడు గానీ నా మాట బయట పెట్టలేదు. నేనూ నోరు విప్పలేదు. సిగ్గుగా ఉంది.

నిన్న భోజనాల దగ్గర వాడికి చెప్పుకుని ఏడ్చాను. వాడు పీచ్ కాబ్లర్ గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

"ఆ రోజు నేనెవరో నాకే తెలీదులేమ్మా. ఇంకొంచెం వడ్డించు."

అంతే అన్నాడు. నా గుండె మీది బండ దిగింది. ఈ పొద్దున మెట్లు కూడా తేలిగ్గా ఎక్కానంటే నువ్వు నమ్మవు.

వాడికి నీతో మాట్లాడాలనుంది, భయపడుతున్నాడు. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక రెండింటికి ఫోను చేస్తాడు. చేతిలో డబ్బులున్నా, నీ ఖర్చు మీదే చేయమని నేనే చెప్పాను. ఆపరేటరు లావెల్ పేరు చెప్పి ఒప్పుకుంటావా అని అడుగుతుంది. నేను చెప్పలేకపోయిన మాట నువ్వు చెప్పు తల్లీ.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తల్లి,
నీ అమ్మ
ఓజెల్లా