కుళాయి గీత

రావులపాలెం

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను. ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

నీ మరదలు ఇంద్రజ నరాల జబ్బుతో నిలబడలేకపోతోందని, కుర్చీలో కూర్చుని స్నానం చేసేలా బాత్రూం మార్పిద్దామనుకున్నాం కదా. ఆషాఢానికి ముందే మేస్త్రి అచ్చిబాబు వచ్చి, కుళాయి కోసం ఆవిడ చెయ్యి అందిన చోట గోడ మీద గీత గీశాడు. శూన్యమాసంలో పని మొదలెట్టకూడదన్నావు, ఆగాం. నిన్న మళ్ళీ కొలిస్తే చెయ్యి ఆ గీత దాకా లేవలేదు. "కిందకి పెడదామండి" అని ఇంకో గీత గీశాడు. "మూడోది గీయించకండి" అంది ఇంద్రజ.

ఆషాఢం ఇంకా వెళ్ళకపోయినా రేపే గోడ కొట్టిస్తున్నాను, కోప్పడకు. మీ ఇంట్లో వేయించిన జారని టైల్స్ ఏ కొట్లోవి? బావగారి మోకాలు ఎలా ఉంది? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నువ్వు మాత్రం మంచిరోజు చూసుకోకుండా వచ్చెయ్యి.

నీ తమ్ముడు
గణేష్‌బాబు