ముప్ఫైనాలుగో నిమిషం

మార్చి 1, శనివారం

అక్కని ఇంటికి తీసుకొచ్చారు. గర్భసంచి తీసేసి అయిదు రోజులైంది. బొడ్డు కింద నిలువుగా కోత, పదకొండు కుట్లు. లెక్క బావది. సర్వే పని చేసే మనిషి, ఏదైనా కొలిచి చెప్తేగాని తోచదు.

పంపించేటప్పుడు పెద్ద నర్సు ఒకటే మాట పదిసార్లు చెప్పిందట. దగ్గినా, తుమ్మినా, నవ్వినా దిండు పొట్టకి అదుముకోవాలి అని. బావ దారిలో ఆగి అందుకోసం ఓ కొత్త దిండు కొన్నాడు. ఆకుపచ్చది.

సాయంత్రం ఫోన్ చేశాడు. మరదలా, మీ అక్క పొద్దస్తమానం పైకప్పునే చూస్తూ పడుకుంటోంది, పత్రికలో ఊరందరికీ ఏం చూడాలో ఏం తినాలో చెప్తావుగా, ఇంటికి కూడా ఓ లిస్టు పడెయ్ అన్నాడు. వైన్ మాత్రం మర్చిపోకు, అది పేషంటుకి కాదు, పేషంటు మొగుడికి అన్నాడు.

పదకొండేళ్ళుగా ఆ పేజీ రాస్తున్నాను. ‘ఈ వారం అయిదు’. ఓ సినిమా, ఓ సంగీతం, ఓ కామెడీ, ఓ వంట, ఓ వైన్. అచ్చుకి వెళ్ళేముందే అక్కకి పంపుతాను. తను ప్రతివారం ఒక్క మాట తిరిగి పంపుతుంది. బావుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా బాలేదు అనలేదు. ఒక్కసారి కూడా చాలా బావుంది అనీ అనలేదు. ఎమ్మేలో కవిత్వం మీద పేజీలకి పేజీలు విడమర్చి రాసినదాన్ని, మా అక్క ఒక్క మాటకి ఇప్పటిదాకా అర్థం రాయలేకపోయాను.

మార్చి 2, ఆదివారం

లిస్టు వెళ్ళింది. నాలుగుసార్లు మార్చి పంపాను.

సినిమాలో ఇద్దరు ముసలాళ్ళు ఓ పాత పడవకి రంగేస్తుంటారు. ఎవరూ చావరు, అది ముందే రాశాను. సంగీతం పియానో. వయొలిన్ పెడితే అక్క కళ్ళు తుడుచుకుంటుంది, ఇప్పుడెందుకు. వంట గుమ్మడికాయ సూప్. దాని కింద ఇంకో నాలుగు లైన్లు రాశాను: మిరియాలు చివర్లో వెయ్యాలి, మొదటి చెంచా వెంటనే మింగకూడదు, నాలుక మీద ఓ క్షణం ఉంచి కళ్ళు మూసుకోవాలి. బావకి ఓ ఎర్ర వైన్, వాన పడ్డాక మట్టి వాసన వస్తుంది అని. అరగంటలో జవాబు. మట్టి వాసన కావాలంటే బాల్కనీలో పూలకుండీ ఉంది కదా మరదలా, డబ్బులెందుకు దండగ అని.

కామెడీ, బ్యాంకు కౌంటర్లో ఇరవయ్యేళ్ళు పనిచేసి మానేసిన ఓ ఆవిడ స్టేజీ మీద గంటసేపు మాట్లాడే వీడియో.

ఇది ఎక్కడా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ వీడియో నేను మొత్తం చూడలేదు. ఇరవయ్యో నిమిషంలో కుళాయి బాగుచేసేవాడు వచ్చాడు, అంతే, మళ్ళీ కూర్చోలేదు. చివరిదాకా చూడనిది, గొంతు దిగనిది ఎవరికీ చెప్పకూడదని నా నియమం. పదకొండేళ్ళలో తప్పలేదు. ఇంట్లోవాళ్ళకేగా అనుకున్నాను.

మార్చి 4, మంగళవారం, ఉదయం 7:10

బావ ఫోన్. నిన్న సాయంత్రం కుట్లు విడిపోయాయి. మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాడు, మళ్ళీ కుట్టారు.

ఎలా అని అడిగాను. నవ్వింది అన్నాడు. నువ్వు పంపిన కామెడీ చూస్తూ.

ఇంకేం అనలేదు. మరదలా అని కూడా అనలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

ఆసుపత్రి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. అక్క మత్తులో ఉంది. పెదాలు ఎండిపోయి పొట్టు లేచాయి. చేతికి సెలైన్. బావ కిటికీ దగ్గర నిలబడి కిందనున్న కార్లు లెక్కపెడుతున్నట్టున్నాడు. నేను వచ్చినప్పుడు తల ఊపాడు, అంతే. మంచినీళ్ళు కావాలా అని అడిగితే వద్దు అన్నాడు. మా పెళ్ళిలో పాయసం గిన్నె మాయం చేసి నన్ను ఏడిపించిన మనిషి.

పెద్ద నర్సు కట్టు మార్చి వెళ్తూ, ఎవరమ్మా ఈవిణ్ణి నవ్వించింది అని అడిగింది. వేళాకోళంగానే. ఇద్దరం నేల చూశాం.

నా బుర్ర ఊరుకోదు. ఒకవేళ నవ్వు కాదేమో, సూప్‌లో మిరియాలకి పొలమారిందేమో. అప్పుడు కూడా నేనే. పియానోకి నిద్రపట్టి పక్కకి ఒరిగిందేమో. నేనే. అయిదింట్లో ఏది పట్టుకున్నా వేలు నావైపే చూపిస్తోంది.

ఇంకోటి కూడా వచ్చింది బుర్రలోకి, దాన్ని తోసేశాను, మళ్ళీ వచ్చింది. నవ్వింది అంటే, నిజంగా చూసిందన్నమాట. పదకొండేళ్ళకి ఒక రుజువు. సంతోషం వేసింది. మంచం మీద అక్క అలా పడుంటే. ఇలాంటిదాన్ని ఏమంటారో నాకు తెలుసు, రాయను.

మార్చి 5, బుధవారం

జ్వరం నూట రెండు.

మార్చి 6, గురువారం

చీము పడుతోందేమోనని డాక్టరు మందు మార్చింది. రేపటిదాకా చూసి, తగ్గకపోతే మళ్ళీ తెరవాలట. తెరవడం అనే మాట వైన్ సీసాకి తప్ప వాడను నేను.

ఈరోజే పేజీ ఇవ్వాలి. మా సంపాదకురాలిని అందరం గడియారం అంటాం, ఆవిడకీ తెలుసు. పదకొండింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి మోగింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాసి పంపాను. పావుగంటలో ఫోన్ చేసి, ఏంటమ్మా ఇది, పేజీయా, మందు డబ్బాలో వేసే కాగితమా అంది. సినిమా కింద, గుండె జబ్బు ఉన్నవాళ్ళు రెండో సగం చూడొద్దు అని రాశానట. చేపల కూర కింద, ముళ్ళు జాగ్రత్త అని మూడుసార్లు. కామెడీ దగ్గర ఖాళీ. అక్కడ కేవలం ‘ప్రస్తుతానికి వద్దు’ అని ఉందట. నేను రాసిన గుర్తు కూడా లేదు.

విషయం చెప్పాను.  నవ్వు నువ్వు వెళ్ళి పెట్టావా ఆవిడ నోట్లో, పాత వారాల్లోంచి ఏరి నేనే నింపుతాలే, వెళ్ళి అక్క దగ్గర కూర్చో అంది. మంచి మనిషి. కానీ నేనే పెట్టాను. మరి పదకొండేళ్ళుగా నా పని అదేగా.

ఆ వీడియో ఫోన్లోనే ఉంది. ఇరవయ్యో నిమిషం దగ్గర ఆగి ఉంది. వేలు రెండుసార్లు దానిమీదకి వెళ్ళింది. నొక్కలేదు. అందులో ఏముందో నాకు తెలియదు, మా అక్క పొట్టకి తెలుసు.

మార్చి 7, శుక్రవారం, ఉదయం

నూట ఒకటి.

సాయంత్రం

నూట ఒకటే. తగ్గలేదు, పెరగలేదు. రేపు ఉదయం చూసి నిర్ణయిస్తానంది డాక్టరు. బావ సంతకం కాగితం ముందే తీసుకున్నారు. ఆయన సంతకం గీత మీంచి కిందకి జారింది. స్కేలు లేకుండా గీత గీసే మనిషి. నేను చూశానని ఆయన చూశాడు. 

నా మీద కోపమైతే తిట్టొచ్చుగా. ఈ మౌనం కంటే అది నయం.

మార్చి 8, శనివారం

తొంభై తొమ్మిది. తెరవక్కర్లేదు అన్నారు. వరండాలో కూర్చుని చప్పగా ఉన్న మెషీన్ కాఫీ తాగాను. దాన్ని ఎవరికీ చెప్పాలనిపించలేదు. హాయిగా ఉంది.

మార్చి 9, ఆదివారం

ఇవాళ జరిగినదంతా రాయాలి, లేకపోతే రేపటికి నేను దీన్ని మార్చేసుకుంటాను.

బావ స్నానానికి ఇంటికి వెళ్ళాడు. అక్క లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. గొంతు ఇంకా పీలగానే ఉంది. ఎందుకే మొహం అలా కుండలా పెట్టావు, చచ్చింది నువ్వా నేనా అంది. ఎవరూ చావలేదు అన్నాను. మరైతే కుండ దించు అంది.

అప్పుడు చెప్పేశాను. ఆ వీడియో నేను మొత్తం చూడలేదు, చూడకుండానే నీకు పంపాను, నా వల్లే అని. మాటలు పేర్చుకుని రెండ్రోజుల్నించి మోస్తున్నాను. తీరా చెప్తే అర నిమిషం కూడా పట్టలేదు.

 అయితే సరిపోయింది పో అంది అక్క. ఏం సరిపోయింది అన్నాను. నువ్వు పంపినవాటిలో నేను చూసింది ఆ ఒక్కటే అంది.

సరిగ్గా వినపడలేదన్నట్టు మొహం పెట్టాను. మళ్ళీ చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా చూడలేదట. ఒక్క పాట వినలేదట. పిల్లలు, బడి, పేపర్లు దిద్దడం, ఎక్కడ తీరికే అంది. నువ్వు రాసింది మాత్రం ప్రతివారం చదువుతాను, బస్సులో, రెండుసార్లు. అది చదివాక ఇంక సినిమా ఎందుకనిపించేది. బావుంది అన్నది దానికే అంది. ఈసారి మంచం దిగే వీల్లేక, చేసేదేం లేక వీడియో నొక్కిందట.

పదకొండేళ్ళుగా నేను చూసినవేవీ తను చూడలేదు. నేను చూడని ఒక్కదాన్నీ తను చూసింది. కోపం రావాలి. వెతుక్కున్నాను, ఎక్కడో ఉండే ఉంటుంది.

ఇంతకీ అంత నవ్వేముంది అందులో అని అడిగాను.

ముప్ఫైనాలుగో నిమిషంలో ఆ బ్యాంకు ఆవిడ తన చెల్లెలి గురించి మొదలుపెడుతుందట. ఆ చెల్లెలికి ప్రతిదానికీ ఓ పద్ధతి. చివరికి మంచినీళ్ళు ఎలా తాగాలో కూడా చెప్తుందట: మొదటి గుక్క వెంటనే మింగకు, నాలుక మీద ఉంచు అని. నలభై ఏడేళ్ళుగా నీళ్ళు తప్పుగా తాగుతున్నానని ఆరోజే తెలిసింది అంటుందట ఆవిడ. సరిగ్గా అప్పుడే బావ సూప్ పట్టుకుని లోపలికొచ్చి, ఫోన్లో నేను రాసింది పైకి చదివాడట. వార్తలు చదివినట్టు, గంభీరంగా. మొదటి చెంచా వెంటనే మింగకూడదు. నాలుక మీద ఓ క్షణం ఉంచి కళ్ళు మూసుకోవాలి.

చెప్తూనే అక్క రెండు చేతులతో దిండు లాక్కుని పొట్టకి అదుముకుంది. నవ్వలేదు, ఆపుకుంది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇంక ఆ మాట ఎత్తకు, మళ్ళీ కుట్టించుకునే ఓపిక లేదు అంది.

మరి ఆరోజు దిండేదే అన్నాను.

మీ బావ ట్రే పెట్టడానికి చోటు లేదని తీసి కుర్చీలో పెట్టాడు అంది. అప్పట్నించి నీ మొహం చూడలేకపోతున్నాడు పాపం. చెల్లెలికి చెప్పకు, నన్ను బతకనివ్వదు అన్నాడట. నేను చెప్పినట్టు చెప్పకు అని అక్క నాకు చెప్పింది.

బావ తిరిగొచ్చాడు, తల తడిగా. నేను చెప్పిన వైన్ తెరిచారా అని అడిగాను. లేదు అన్నాడు. పూలకుండీ వాసన చూశారా పోనీ అన్నాను. నావైపు చూసి, ఆ తర్వాత అక్కవైపు చూసి, అర్థమై, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటికి అటు తిరిగే, చూశాను మరదలా, ఫరవాలేదు అన్నాడు.

వచ్చేముందు అక్క ఒక మాట తీసుకుంది. ఆ వీడియో నేనొక్కదాన్నే చూడకూడదు.

మార్చి 13, గురువారం

పేజీ పంపాను. నాలుగే. కామెడీ ఇంకా పూర్తి చూడలేదు అని రాశాను. గడియారం ఒక్కసారే మోగింది.

మార్చి 22, శనివారం, సాయంత్రం 5

కుట్లు విప్పి రెండు రోజులు. ముప్ఫైమూడో నిమిషంలో అక్క వీడియో ఆపింది. ఆకుపచ్చ దిండు తీసి నా ఒళ్ళో పెట్టింది. గట్టిగా పట్టుకో అంది.

పట్టుకున్నాను.